సర్వే నంబరు ముప్పావు

మా చిన్నాయన కూతురికి పుట్టినప్పటినుంచి చూపు లేదు. ఈ మాట మొదట్లోనే చెప్పేయడం మేలు. మధ్యలో చెబితే వినేవాళ్లు అక్కడే ఆగిపోయి "అయ్యో పాపం" అంటారు, మిగతాది చెవికెక్కదు. ఆమెకు ఆ "పాపం" అనే మాట మీద చాలా కోపం. అందులో కొంత నాకూ అంటుకుంది.

ఆమె పరీక్ష రాసి, పాసై, మైదుకూరు అవతల ఒక మండల ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరింది. ఏ మండలమో చెప్పను, ఆ దారినే నేను బస్సులో తిరగాలి. ఆమెకిచ్చింది భూమి అర్జీల సీటు. జనం బయట సెంటర్లో టైపు చేయించి వేసిన అర్జీలు కంప్యూటర్లోకి వస్తాయి. ఆమె చదివి, సర్వే నంబరేదో, అడిగిందేమిటో రెండు ముక్కల్లో రాసి పైకి పంపాలి. ఆర్నెల్లు చూస్తారు. పని చేయగలదనుకుంటే సీటు ఆమెది. లేదంటే మూలన కూర్చోబెట్టి ముద్రలు వేయించుకుంటారు. ఆర్నెల్ల తర్వాత రిపోర్టులో ఏది రాయాలో సూపరింటెండెంటు చేతిలో ఉంది.

ఎలా చదువుతుందని అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి ఉంది. అది ఎవరి సొత్తూ కాదు. ఎక్కడెక్కడివాళ్లో తీరిక వేళల్లో రాసి ఊరికే ఇచ్చేశారు. లోపల ఎలా ఉందో ఎవరైనా చూడొచ్చు, తప్పుంటే దిద్ది పంపొచ్చు. అలా పంపే దిద్దుబాటును పాచ్ అంటారు. మా జేజి, అంటే నాయనమ్మ, దాన్నే మాసిక అనేది, చిరిగిన చోట గుడ్డముక్క వేసి కుట్టడం. తేడా ఏమిటంటే, మా జేజి మాసిక వేసేముందు ఎవరి అనుమతీ అడిగేది కాదు.

ఆ ప్రోగ్రాం తెలుగు బాగానే చదువుతుంది. కాని రెండంకెల మధ్య ఏదైనా గుర్తు కనబడితే ఊరుకోలేదు. చర్చిలో ఆమె వాక్యం చదివే ఆదివారాల్లో, 3:16ను మూడో అధ్యాయం పదహారో వచనం అనాల్సిన చోట "మూడు గంటల పదహారు నిమిషాలు" అని చెవిలో చెప్పేది. ఆమే ఆ మాట మాకు చెప్పి నవ్వించేది. చర్చిలో తప్పు చదివితే దేవుడు సర్దుకుంటాడు. మండల ఆఫీసులో ఆ సౌకర్యం లేదు. అక్కడ 3/4 కనబడితే ఆ ప్రోగ్రాం "ముప్పావు" అంది. 12/5 కనబడితే "మే పన్నెండు" అంది. మా వైపు పొలాల సర్వే నంబర్లన్నీ అలాగే ఉంటాయి.

ఒక ముసలాయన 12/5లో తన గట్టును పక్కవాళ్లు జరిపారని అర్జీ పెట్టుకున్నాడు. ఆమెకు వినిపించింది మే పన్నెండులో గట్టు జరిపారని. ఎవరు విన్నా అది తేదీయే అనుకుంటారు. తేదీ గడిలో వేసింది. నంబరు గడి ఖాళీగా ఉందని అర్జీ తిరిగిపోయింది, ఆయన రెండుసార్లు బస్సెక్కి వచ్చాడు. తర్వాతి వారం ఆమె ఫోన్‌లో ఒక రైతుకు "మీ సర్వే నంబరు ముప్పావు" అని చెప్పడం ఆఫీసంతా విన్నది. ఆ సాయంత్రానికి ఆమెకు "ముప్పావు మేడం" అని పేరు పెట్టేశారు. పేరు పెట్టడంలో ఆ ఆఫీసు పనితనం నేను మెచ్చుకుంటాను. ఒక్క పూటలో తేలిన ఫైలు అక్కడ అదొక్కటే.

నేను సూపరింటెండెంటును కలిశాను. భూములున్న ఇంటి మనిషి, మర్యాదస్తుడు, గొంతు పెంచడు. చెడ్డవాడైతే నాకు పని సులువయ్యేది.

"ఏమప్పా లెక్చరర్ సారూ, పాపకు ఇంత కష్టం దేనికి?" అన్నాడు టీ తెప్పించి. "ఫ్యాను కింద సీటిస్తా. వచ్చిన కాగితాల మీద ముద్ర ఏసుకుంటా ఉంటాది. జీతం యాడికీ పోదు. పని లేకుండా జీతమిస్తామంటే వద్దనే మనుషుల్ని మీ ఇంట్లోనే చూస్తాండా."

టీ బాగుంది. నాకు ఇంకా కోపమొచ్చింది. రిపోర్టుకు రెండు నెలలుంది, ఆలోపు తప్పు దిద్దిస్తానని చెప్పి లేచాను. నేను కడపలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. కరెంటు ఉన్నప్పుడు కంప్యూటర్ల మీద, లేనప్పుడు బోర్డు మీద.

తప్పు దొరకడం కష్టం కాలేదు. అంకెల నియమాలున్న ఫైలు పట్టుకుని ఏడు వరుసలు మార్చాను. గీత కనబడితే ఇకనుంచి "బై" అనాలి, అంతే. మూడు బై నాలుగు. పన్నెండు బై ఐదు. పనిలో పనిగా చర్చిలో వచనాన్ని టైముగా చదివే తప్పును కూడా దిద్దాను. మధ్యాహ్నం భోజనం లోపు అయిపోయింది. ఇక పంపడమే మిగిలిందనుకున్నాను.

పాచ్ పంపడానికి ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతిని వివరిస్తూ ఒక పత్రం ఉంది. అది పొడుగు. పైపైన చూశాను. ఇరవై ఏళ్లుగా సర్కారుకు కాగితాలు రాస్తున్నవాడికి ఉత్తరం రాయడం ఒకరు నేర్పాలా? ఆ ప్రోగ్రాం బాగోగులు చూసే పెద్దమనుషులు నలుగురైదుగురున్నారు. అందరూ చదివే మెయిల్ జాబితా ఒకటుంది. మార్పులన్నీ దానికి రాయాలి, వాళ్లు చూసి బాగుంటే కలుపుకుంటారు. రాశాను. గౌరవనీయులైన అయ్యా, విషయం, సూచిక, పై విషయమును పురస్కరించుకొని విన్నవించునదేమనగా. భాష ఇంగ్లీషే, ఆత్మ తాలూకాఫీసుది. మార్పును వర్డ్ ఫైలులో పెట్టి, కాలేజీ లెటర్‌హెడ్ మీద ముద్ర వేయించి, స్కాన్ చేసి జతపరిచాను. కింద "ప్రతులు" అని రాసి, ఆ పెద్దమనుషుల సొంత చిరునామాలు వెతికి విడివిడిగా కూడా పంపాను.

రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. పంపింది మనిషి కాదు. ఈ జాబితా ఉత్త అక్షరాలనే తీసుకుంటుంది, రంగులూ బొమ్మలూ తీసుకోదు అని ఒక యంత్రం చెప్పింది. నన్ను ఏ ఆఫీసులో ఏ బంట్రోతూ అంత త్వరగా బయటికి పంపలేదు.

రెండోసారి ఉత్త అక్షరాల్లో పంపాను. నా మెయిల్ ప్రోగ్రాం మర్యాదకొద్దీ పొడుగు వరుసలను విరిచి పంపింది, దాంతో పాచ్ అతకలేదు. మూడోసారి అతికింది. అప్పుడు ఒక పెద్దమనిషి ఒక పాచ్‌లో ఒక్క మార్పే ఉండాలని రాశాడు. నేను సర్వే నంబర్లతోపాటు చర్చి టైమును కూడా దిద్ది ఉన్నాను. విడదీశాను. తర్వాత పేరు గొడవ. ఈ మార్పు నాదేనని కింద పూర్తి పేరుతో రాయాలట. నా పేరు ముందు ఒక్క అక్షరమే ఉంది, అదేమిటని అడిగారు. మన వైపు ఇంటిపేరు ఒక్క అక్షరంలో ఇమిడి ఉంటుంది, దాన్ని విప్పే అవసరం పెళ్లికార్డుకు తప్ప రాదు. విప్పాను. ఆరోజునుంచి ఆ పెద్దమనిషి నన్ను ఇంటిపేరుతో పిలిచాడు. ఆయన ఒక్కో ఉత్తరం మా వంశంలో ఉన్న పద్నాలుగిళ్లకీ కలిపి రాసినట్టుండేది.

ఇదంతా మూడు వారాలు పట్టింది. వారానికోసారి ఆమె ఫోన్ చేసి, మీవాళ్లు ఏమన్నారని అడిగేది. వాళ్లు నావాళ్లెప్పుడయ్యారో నాకు తెలియదు. ట్యాబు మీట కొట్టాల్సిన చోట నాలుగు ఖాళీలు కొట్టానని ఈసారి తిప్పి పంపారని ఒకరోజు చెప్పాను.

"ఖాళీలు తప్పుంటే కనిపెట్టినారు. మనిషిని ముప్పావు అంటాంటే కనిపెట్టలేదా?" అంది.

ఆ మాట జాబితాకు రాయాలనుకుని రాయలేదు. అప్పటికే అక్కడ వేరే మంట రేగింది. మన తెలుగువాడే ఒకడు, ఏదో పెద్ద ఊళ్లో ఉండేవాడు, 3/4ను ముప్పావు అనడమే సరైన తెలుగనీ, ఈ పాచ్ వల్ల భాషకు హాని జరుగుతుందనీ రాశాడు. మా మండలంలో గట్టు పోయినవాడికి సరైన తెలుగులోనే పోయిందా అని జవాబు రాశాను. చెరిపేశాను. మళ్లీ రాశాను. పంపాను. ఆ తర్వాత జాబితాలో ఎవరూ మాట్లాడలేదు. రెండు వారాలు. మా వీధి కుళాయి కూడా మధ్యమధ్య ఒక మాట అంటుంది.

ఆమె తండ్రి, అంటే మా చిన్నాయన, మంగంపేట గనుల్లో చేసి రిటైరైన మనిషి. ఒకప్పుడు అక్కడి కూలీల ఇళ్లకు నీళ్ల ట్యాంకరు తెప్పించింది ఆయనే, ఎలా తెప్పించాడో ఇప్పటికీ చెబుతాడు. నా కష్టం విని ఆయన నవ్వాడు.

"ఒక్కడు అడిగితే అర్జీ అప్పా. నూరుమంది అడిగితే భయం. సంతకాలు పెట్టించు."

నాకు అది జ్ఞానోదయంలా తోచింది. మన దగ్గర పనులయ్యేది అలాగే కదా. కాగితంలో ఏముందో ఎవరూ చూడరు, కింద ఎన్ని వేలిముద్రలున్నాయో చూస్తారు. మరునాడు ఫైనలియర్ వాళ్లను ల్యాబులో కూర్చోబెట్టి, బోర్డు మీద నాలుగు వాక్యాలు రాసి, ఒక్కొక్కరూ జాబితాకు పంపమన్నాను. ఈ పాచ్ మాకు అత్యవసరం, వెంటనే చేర్చుకోగలరు. ముప్పై మందికి పైగా పంపారు. అన్నీ ఒకే పది నిమిషాల్లో, ఒకే ల్యాబునుంచి, ఒకే అచ్చుతప్పుతో. ఒకడు నేను బోర్డు మీద రాసిన "ఇక్కడ మీ పేరు" అన్నదాన్ని కూడా పొల్లుపోకుండా దించి పంపాడు. వాడికి నేను ఇంటర్నల్ మార్కులు వేశాను కూడా.

అక్కడివాళ్లకు భయం పుట్టలేదు. ఎవడో ఒకడు ముప్పై దొంగపేర్లతో జాబితాను ముంచెత్తుతున్నాడనుకున్నారు. నా చిరునామానూ కాలేజీ చిరునామానూ మూసేశారు. నేను మనిషినేనని, పిల్లలూ మనుషులేనని రాసిన ఉత్తరం కూడా ఆ మూసిన తలుపుకే తగిలి తిరిగొచ్చింది.

చెప్పక తప్పదు కాబట్టి ఆదివారం చర్చి అయ్యాక చెప్పాను. వాళ్లింటి వసారాలో ఇద్దరమే ఉన్నాం. విదేశాల్లో ఉండేవాళ్లకు మన కష్టం పట్టదనీ, పద్ధతి పేరుతో మనుషుల్ని చంపుతారనీ చాలాసేపు మాట్లాడాను. అప్పటికి మాట్లాడటం నాకు బాగా అలవాటైపోయింది. ఆమె అడ్డు రాలేదు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అడిగింది.

"ఆ పద్ధతి కాగితం ఉండాదంటివే, పూర్తిగా చదివినావా అన్నా?"

"చూసినా."

"చూసినావు. నాకు చూసేది లేదు గదా. నేనైతే మొదట్నుంచి కడదాకా వినాల. అది నాకు పంపియ్."

అది చాలా పొడుగు అన్నాను. ఆమె గొంతు పెంచలేదు. మా ఇంట్లో గొంతు పెంచనివాళ్లకే నేను భయపడతాను.

"నీదేం పోయిందన్నా? మెయిలు పోయింది. నాది సీటు. రేప్పొద్దున ఫ్యాను కింద కూర్చోని ముద్రలేసేది నువ్వు గాదు. నా పని బాగుచేస్తానని పొయ్యి ఆడ నీ కోపం తీర్చుకున్యావు."

నేను ఫోన్‌లోనుంచే పంపాను. మూడు రోజులు ఆమె ఆఫీసుకు పోతూ వస్తూ బస్సులో దాన్ని విన్నది. ఆమె చేసింది నాకు తర్వాత అర్థమైంది. ఉత్త అక్షరాలు తప్ప ఏవీ వద్దన్న ఆ నియమం, నన్ను అంత అవమానించిన నియమం, ఆమెకు ఎండలో నీడలా ఉంది. ఆమెకు రంగులూ బొమ్మలూ ఉన్న మెయిల్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియదు. ఇక్కడ తీసేసిన వరుస ముందు మైనస్, చేర్చిన వరుస ముందు ప్లస్. చెవితో దిద్దొచ్చు. ట్యాబులనూ ఖాళీలనూ కూడా ఆ ప్రోగ్రాం చేతే పలికించుకుని లెక్క చూసుకుంది.

నాలుగోరోజు ఫోన్ చేసింది.

"నీ మాసికే తప్పు."

నేను ఏడు వరుసల్లో ముప్పావును సమూలంగా తీసేసి ఉన్నాను. దాంతో ప్రపంచంలోని ప్రతి ముప్పావూ మూడు బై నాలుగైపోయింది. "అంగడికి పొయ్యి మూడు బై నాలుగు కిలో కందిబేడలు అడుగుతావా నువ్వు? ఆ పెద్ద ఊరాయన చెప్పింది సగం నిజమే. అడిగేదానికి పోకుండా కొట్లాటకు పోతివి" అంది. పక్కన సర్వే నంబరు అనో, డోర్ నంబరు అనో, గట్టు అనో ఉంటేనే బై అనాలి, లేకపోతే ముప్పావును దాని మానాన దాన్ని వదిలేయాలి. ఇంత చిన్న సంగతి నాకు నెలన్నరలో తట్టలేదు. తట్టకపోవడానికి కారణం నేను సరిగ్గా ఉన్నానన్న నమ్మకం. అది నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు.

అంకెల నియమాలున్న ఆ ఫైలును కూడా అలాగే విని, నా ఏడు వరుసలను ఆమె కొత్తగా రాసి, తన పేరు మీద పంపింది. కింద పద్దెనిమిది వాక్యాలు చేర్చింది. ఒక్కోదాన్ని ఎలా చదవాలో, ఇప్పుడెలా చదువుతోందో. సర్వే నంబరు 3/4లో బోరు. 3/4 కిలో బెల్లం. 12/5న పెళ్లి. 12/5లో గట్టు. విన్నపాలు లేవు, గౌరవనీయులు లేరు, తన చూపు సంగతి ఒక్క ముక్క లేదు. ఆ సంగతి రాస్తే జాలిపడి త్వరగా తీసుకుంటారేమో అని నేను సలహా ఇచ్చాను. ఆమె ఫోన్ పెట్టేసింది.

ఇద్దరు పెద్దమనుషులు రెండేసి ప్రశ్నలు అడిగారు. నాతో గొడవపడిన పెద్ద ఊరాయన ఒక వాక్యం దిద్ది, ఇంకో రెండు తనే చేర్చాడు. ఆమె రెండుసార్లు మార్చి పంపింది. పదకొండో రోజున ఒక్క వరుస జవాబొచ్చింది. చేర్చుకున్నాం, కృతజ్ఞతలు. నాకు ఆనందం కలిగిందని రాయాలి. కలిగింది. దాని పక్కనే మరొకటి కూడా కలిగింది, దాని పేరు రాయను.

కాని ఆ పదకొండు రోజుల్లో ఆరో రోజు నెలాఖరు, ఆర్నెల్ల గడువు తీరిన రోజు. సూపరింటెండెంటు మంచివాడు కాబట్టి ఆలస్యం చేయలేదు. మానవతా దృక్పథంతో ఆమెను ఇన్వర్డ్ విభాగానికి మార్చడమైనది అని ఆర్డరు. అంటే వచ్చిన కాగితాలు, ఫ్యాను కింద బల్ల, ముద్ర, సిరా. అర్జీల సీటులోకి కర్నూలునుంచి బదిలీ మీద వచ్చిన ఒకాయన కూర్చున్నాడు.

కొత్త ప్రోగ్రాంను నేనే పోయి ఆమె కంప్యూటర్లో వేశాను. ఇప్పుడు అది సర్వే నంబర్లు ఏ కరణమూ చదవనంత శుభ్రంగా చదువుతోంది, చదవడానికి ఆమె దగ్గర అర్జీలే లేవు. సూపరింటెండెంటు ముందు నిలబడి వినిపించాం. విన్నాడు. సంతోషపడ్డాడు కూడా. ఆర్డరు అయిపోయిందమ్మా, నోట్ పెట్టు, చూస్తాం అన్నాడు. ఆ "చూస్తాం" నేను పుట్టినప్పటినుంచి వింటున్నాను. నాకు బల్ల మీది సిరాడబ్బా ఎటు విసరాలో కూడా తోచింది. ఆమె నోట్ పెట్టింది. అందులో రెండు విషయాలున్నాయని తిప్పారు. విడదీసి పెట్టింది. పాత ఆర్డరు నంబరు లేదని తిప్పారు. వేసి పెట్టింది. ఆమెకు విసుగు రాకపోవడం చూసి ఆఫీసువాళ్లే విసిగిపోయారు.

నాలుగో నోటుకు పిలిచారు. నన్ను తోడు రమ్మంది, మాట్లాడవద్దంది. సీటు తిరిగి ఇస్తామన్నాడు సూపరింటెండెంటు. ఒకే ఒక్క షరతు. ఆమె చదివిన ప్రతి అర్జీనీ చూపున్న మరో ఉద్యోగి సరిచూసి సంతకం పెట్టాలి.

నేను నోరు తెరిచాను. ఆమె చెయ్యి నా మోచేతిని పట్టుకుంది.

"పెట్టండి సార్. సరిచూడాల్సిందే," అంది. "నేను ఆడ రాసిందాన్ని ముగ్గురు చూసినారు, తప్పులు పట్టినారు. మంచిదే అయింది. కానీ ఆడ అందరిదీ చూస్తారు. ఈడ కూడా అందరిదీ చూపియ్యండి. పోయిన వారం నా సీట్లో ఉండే సారు రెండు అర్జీలు వేరే ఊరి ఖాతాలో ఏసినాడు. ఆ సారుకు రెండు కండ్లూ బాగుండాయి."

"అందరిదీ అంటే? నాది కూడానా?" అన్నాడు సూపరింటెండెంటు, నవ్వుతూనే.

"మీది ముందు సార్. పైసంతకం మీదే గదా."

నవ్వు ఆయన ముఖం మీద కాసేపు ఉండి, ఎటు పోవాలో తెలియక పోయింది. చూస్తామమ్మా అన్నాడు. ఈసారి ఆ మాటలో ఆయనకే నమ్మకం లేదు.

సోమవారం ఆర్డరు వచ్చింది. అర్జీల సీటు ఆమెదే, ఆ కర్నూలాయనకు వేరే విభాగం. షరతు వరుసను కొట్టేశారు. నేను కాలేజీలో సగం పాఠం ఆపి ఫోన్ చేశాను, గెలిచావమ్మీ అన్నాను.

"యాడ గెలిచినా? అందరికీ పెట్టమంటే నాకొక్కదానికి తీసేసినారు. ఎవరి తప్పులూ ఎవరూ చూడకూడదని ఆర్డరిచ్చినట్టుండాది," అంది. ఆ గొంతులోని కోపం ఇన్నాళ్లుగా నేను మోసిన కోపంకంటే చాలా మేలు రకంది. "ఉండు, ఎదురుగా మనిషి నిలబడుకోనుండాడు. పని చేసుకోనియ్" అని పెట్టేసింది.